ఎగిరేదాని బరువు

గడ్డిమంట వేరు, పిడకమంట వేరు. గడ్డి భగ్గుమని లేచి చూస్తుండగానే చప్పబడుతుంది. పిడక పైకి బూడిదలాగే కనిపిస్తుంది, చెయ్యి పెట్టినవాడికి తెలుస్తుంది. పినపాక మండలంలో, అడవికీ గోదావరికీ నడుమనున్న రేగడి చేలల్లో, నిర్మలాదేవి కోపం రెండో రకమని ఎరగని మనిషి లేడు. ఆవిడ వస్తున్నదంటే ఎరువుల కొట్టువాడు గడువు దాటిన మందు డబ్బాలను వెనక అరలోకి సర్దుకుంటాడు. చెయ్యెత్తినా ఆగకుండా పోయిన బస్సును ఒకసారి ఆటోలో తరిమి, రెండూళ్ల అవతల పట్టుకుని, లోపలికెక్కి, టికెట్టు తీసుకుని మరీ కండక్టరును తిట్టింది. "టికెట్టెందుకమ్మా?" అని పక్క సీటు ముసలమ్మ అడిగితే, "ఊరికే ఎక్కి తిడితే న్యాయం వాడి పక్కకి పోయిద్ది" అన్నదట.

ఆవిడ తాత గుంటూరు వైపు నుంచి మిరప విత్తనం మూట కట్టుకుని వచ్చినవాడు. ఇన్నేళ్లయినా ఊళ్లో వాళ్లను గుంటూరోళ్లనే అంటారు. భర్త వెంకటప్పయ్యదీ అలాంటి కుటుంబమే కానీ స్వభావం పూర్తిగా ఎదురు. ఎవరేమడిగినా అతని నోట వచ్చే మాట ఒకటే: "దాందేముంది." అరక అడిగినా దాందేముంది, మోటారు అడిగినా దాందేముంది. మంచివాడని ఊరంతా మెచ్చుకుంటుంది. మంచివాడి పెళ్లానికి చెడ్డపేరు రాక తప్పదు. ఇద్దరిలో ఎవరో ఒకరు కాదనాలి కదా.

ఉన్నవాటిలో నిర్మలాదేవి ఇది నాది అని చెప్పుకునేది ఒక్క కల్లమే. రేగడి ఎండితే నోరు తెరుస్తుంది, తడిస్తే మనిషిని మోకాళ్లదాకా మింగుతుంది. దానిమీద మిరపకాయ ఆరబోస్తే పగుళ్లకే సగం అర్పించుకోవాలి. అందుకని కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆవిడ గుట్ట వార నుంచి ఎర్ర మొరం తోలించి, రోడ్డు పక్కన అరెకరం పైచిలుకు నేలను మోకాలెత్తు మెట్టగా లేపించింది. ఏటేటా మాఘమాసంలో, కొత్తకాయ దిగకముందే, నీళ్లు చల్లి, రాతిరోలరు లాగించి, పేడనీళ్లతో అలికిస్తుంది. ఇన్నేళ్ల అలుకుడుకు ఆ నేల తడితే కుండలా మోగుతుంది. చెప్పుల కాలు దానిమీద పడకూడదు. తినే కాయ ఆరే చోటు అది. గుళ్లో అయితే పూజారి చూసీ చూడనట్టు పోతాడేమో, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

ఆ కల్లం నడుమ ఒక మేటిగుంజ ఉండేది. జొన్న, వరి కల్లాల్లో వెనకట ఎడ్లను దానికి కట్టి గుండ్రంగా తిప్పి గింజ రాలగొట్టేవారు. మిరప వచ్చాక ఎడ్లతో పనిలేదు. అయినా అత్తగారి పాత కల్లంలోని నల్లమద్ది గుంజను పెరికి తెచ్చి ఇక్కడ పాతారు. కొత్తకాయ పోసిన రోజు దానికి పసుపు రాసి బొట్టు పెట్టేవారు. గుంజ లేని కల్లం యజమాని లేని ఇల్లని ముసలామె అంటుండేది.

ఆ గుంజ పోయింది మూడేళ్ల కిందట. అది హెలికాప్టర్ మొదటిసారి వచ్చిన ఏడు.

ఎవరో పెద్దమనిషి సభకు వస్తున్నాడు. రేగడిలో ఎక్కడ దింపినా దిగబడుతుంది, చుట్టుపక్కల గట్టి నేలంటే వెంకటప్పయ్య కల్లమేనని తేల్చుకుని వచ్చారు. "దాందేముంది" అన్నాడు వెంకటప్పయ్య. కోతలైపోయి కల్లం ఖాళీగా ఉంది కనుక నిర్మలాదేవి కూడా పోన్లెమ్మనుకుంది. నడుమ కొయ్య ఉంటే దిగదని గుంజను పెరికి కొట్టం వెనక పడేశారు. దిగింది చిన్నది. జిట్టంగిపిట్టలా తోకూపుకుంటూ వచ్చి, చక్రాలు లేకుండా రెండు ఇనుపకడ్డీల మీద వాలింది. గాలి పైటకొంగును ఎగరేసిందే తప్ప ఏమీ చేయలేదు. వెంకటప్పయ్య దాని పక్కన నిలబడి ఫోటో దిగి, పటం కట్టించి, వచ్చినవాళ్లకల్లా కనపడేట్టు నట్టింట్లో తగిలించాడు. మళ్లీ గుంజ పాతుదామని ఆవిడ అంటే, "మళ్లీ వస్తుందేమో, ఉండనీయ్" అన్నాడు.

పైనుంచి దిగినవాళ్లకు మర్యాద చేయడం ఈ నేలకు కొత్తకాదు. గోదావరి అవతల పర్ణశాల దగ్గర రావణాసురుడి రథం ఆగిన గుట్ట ఇదేనని ఇప్పటికీ చూపిస్తారు. అదే ఈ ప్రాంతంలో మొదటి హెలిప్యాడ్ అనుకోవచ్చు. అతగాడు కూడా భిక్ష కోసమనే వచ్చాడు, చేతులు జోడించే వచ్చాడు. వెళ్లేటప్పుడు ఏం పట్టుకుపోయాడో వేరే చెప్పక్కర్లేదు. పుష్పకవిమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగులుతుందని పౌరాణికులు ఊరూరా చెప్పారు. దాని బరువెంతో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. అది ఎవరి కల్లంలో దిగిందో వాళ్లను అడగాలి.

ఈ ఏడు మళ్లీ ఒక పెద్దమనిషి సభ ఫాల్గుణంలో పడింది. కల్లం నిండా కాయ ఉంది. రెండో కోత, మంచి కోత. పైకి ఎర్రగా నిగనిగలాడుతున్నా లోపల ఇంకా పచ్చి ఆరలేదు. అట్లాంటి కాయను కుప్పేసి మూస్తే చెమటపట్టి, రంగు విరిగి, తెల్లటి తాలుగా మారుతుంది. పరిచి ఉంచితేనే బతుకుతుంది.

సభకు ముందురోజు, ఏర్పాట్లు చూసే కంపెనీ తరఫున అనిల్‌కుమార్ అనే కుర్రాడు వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో కార్డు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. వెంట మణుగూరులో టెంట్‌హౌస్ నడిపే గులాం రసూల్ ఉన్నాడు. షామియానాలు, కుర్చీలు అతని కులవృత్తిలాంటివి, ఈ పదేళ్లలో హెలిప్యాడ్‌లు కూడా దానికి తోడయ్యాయి. నేల చదును చేసి, నీళ్లు కొట్టి, సున్నంతో వలయం గీసి నడుమ ఇంగ్లీషు అక్షరం రాయడం అతని వంతు. మంచి మనిషే కానీ మాట మొదలుపెడితే ఆపు ఉండదు.

వాళ్లు వచ్చేసరికి వెంకటప్పయ్య ఫోన్లో దాందేముంది అనేసి ఉన్నాడు. ఆ సంగతి నిర్మలాదేవికి అప్పుడే తెలిసింది. ఆవిడ మొగుడివైపు చూసింది. ఆయన నేలమీది కాయను చూడసాగాడు.

"సగం కల్లం చాలమ్మా," అన్నాడు అనిల్‌కుమార్. "మిర్చి మొత్తం ఈ పడమటి పక్కకి జరిపి టార్పాలిన్ పట్టాలు కప్పేయండి. గంటలో అయిపోతుంది."

"చెప్పులు విడువు."

"ఆ?"

"ముందు చెప్పులు విడువు నాయనా. తరవాత నీ గంట సంగతి చూద్దాం."

కుర్రాడు నవ్వి, ఆవిడ నవ్వకపోవడం చూసి, ఒక్కో కాలూ ఎత్తి బూట్లు విప్పుకున్నాడు.

"సరే. దాని బరువెంత?" అంది ఆవిడ.

"దేని బరువు?"

"నా బరువు కాదులే. నువ్వు దింపేదాని బరువు."

అనిల్‌కుమార్‌కు నిజంగానే నవ్వొచ్చింది. "గాల్లో ఎగిరేదానికి బరువేందమ్మా! దూదిపింజలా దిగుతుంది."

గులాం రసూల్ ఇలాంటి సందు కోసమే కాచుకుని ఉంటాడు. "గట్లనకు సార్. చెల్లె అడిగిన మాటల తప్పులేదు. చెల్లె, హెలికాప్టర్ అంటే అన్నీ ఒక్కటే కాదు. గోరంతది ఉంటది, నలుగురు కూసునేది. ఒట్టి డొక్క ఏడు క్వింటాళ్లు కూడా ఉండదు, నీ దున్నపోతులు రెండు తూగినంత. పోయినసారి నీ కల్లంల దిగింది దానికంటె పెద్దది, మనుషులు, నూనె అన్ని కలిపి ఇరవై రెండు, ఇరవై మూడు క్వింటాళ్లు. ఇంక చక్రాల మీద నిలబడే కిరాయి బండ్లున్నయ్, పన్నెండు మంది దర్జాగ కూసుంటరు. అవి నిండినయంటె అరవై దాటి డెబ్బై దాక పోతయ్."

కాయ తిరగేస్తున్న జంపక్క చేతిలోని గొర్రుకొయ్య ఆపి నిలబడింది. కోతకు వచ్చే కోయ ఆడవాళ్లకు ఆమె పెద్ద. "మరి వరదప్పుడు పప్పు మూటలేసుకొని వచ్చింది గదన్నా, మిలిటరీది? ఇల్లంత ఉండె."

"అది ఒట్టిదే డెబ్బై క్వింటాళ్లు. నిండితె నూట ముప్పై. ముందొక పంకా, ఎనకొక పంకా ఉన్నదొకటి ఉంటది, అది నిండితె రెండొందల ఇరవై పైమాటే. రష్యాల ఇంకొకటున్నదంట, జంపక్కా, ఒట్టి డొక్కే రెండొందల ఎనభై! నిండితె అయిదొందల అరవై! గోదారి బ్రిడ్జి మీద ఇసుక లారీలు వరసగ నిలబెట్టినట్టు."

"గంత బరువు గాలిల ఎట్ల నిలబడ్తదే?"

"పంకా గాలిని కిందికి తోస్తది. బరువు ఎంతనో తోపుడు గంత. గాలి కిందికి పోతె బండి మీదికి లేస్తది."

"కిందికి తోసిన గాలి ఎవరి నెత్తిన పడిద్ది?" అంది నిర్మలాదేవి.

రసూల్ గడ్డం గోక్కున్నాడు.

"నేనడిగింది అందుకు. వాడెంత తూగితే అంత గాలి నా కాయ మీద పడిద్ది. ఎంతో తెలిస్తే దానికి తగ్గట్టు సర్దుకుంటా."

"పోయినసారి వచ్చిందేనమ్మా," అన్నాడు అనిల్‌కుమార్, ఒక ఫోన్ చెవికి ఆనించుకుంటూనే. "అదే కంపెనీ, అదే బండి, అదే పైలట్."

ఆవిడ మొగుణ్ణి చూసింది. ఇచ్చిన మాట అతనిది. పదిమందిలో అతని తల దించడం ఆవిడకు చేతకాదు, ఇంట్లో ఎన్నయినా అనగలదు. "అదే అయితేనే దిగమను. అది కాకపోతే నా కల్లంలో కాకి కూడా వాలదు. రసూలన్నా, నువ్వు సాక్ష్యం."

"అవ్ చెల్లె, ఖుదా సాక్షి."

పని మొదలైంది. జంపక్క బృందం కాయను పడమటి అంచుకు దొర్లించి పొడుగాటి కట్టలా పేర్చింది. ఫాల్గుణంలో మిరపరైతు భయపడేది ఒక్క పడమటిగాలికే. అడవి మీదనుంచి మధ్యాహ్నం లేచి పట్టాలను ఎత్తుకుపోతుంది. అందుకని ఎవరు కప్పినా పట్టా పడమటి అంచునే రాళ్లతో బిగిస్తారు, తూర్పు అంచును కాయ ఊపిరి పీల్చుకోవడానికి వదులుగా వదిలేస్తారు. తాతల నాటి పద్ధతి. నిర్మలాదేవి దగ్గరుండి అట్లాగే చేయించింది. పోయినసారి వచ్చిన గాలి పడమటిగాలి కంటే మించలేదని ఆవిడ లెక్క.

జంపక్క నడుం మీద చెయ్యేసుకుని చూసింది. "అక్కా, గా ఎగిరేదానికి పడమర ఏంది, తూర్పు ఏంది? గాలి మీదినుంచి గదా పడేది. రెండు దిక్కుల రాళ్లు పెడ్దాం."

"రెండు దిక్కులా బిగిస్తే ఉడికి తాలవుద్దే. నాకు నేర్పకు."

"నేర్పుతలేను. అంటున్న."

"అనకు. రాళ్లు మొయ్యి."

కోపంలో ఉన్న మనిషికి మంచిమాట కూడా ఎదురుమాటలాగే వినిపిస్తుంది. జంపక్క రాళ్లు మోసింది.

మరునాడు ఎండెక్కేసరికి రోడ్డు పొడుగునా జనం. ట్రాక్టర్లలో తెచ్చినవాళ్లు, పాల్వంచ నుంచి బస్సుల్లో దించినవాళ్లు, హెలికాప్టర్ చూద్దామని తమంతట వచ్చినవాళ్లు. వెంకటప్పయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూలదండ పట్టుకుని సున్నపు వలయానికి కాస్త దూరంలో నిలబడ్డాడు. నిర్మలాదేవి కుప్ప దగ్గర, పట్టా అంచున నిలబడింది. దండ వేసే పని ఆవిడది కాదు, కాపలా ఆవిడది.

ముందుగా పసిగట్టింది రసూల్. అడవి పైనుంచి చప్పుడు వస్తోంది. చిన్నదైతే పటపటమంటుంది. ఇది చెవికి కాదు, గుండెకు తగులుతోంది, దూరాన దిమ్మిస కొడుతున్నట్టు. "యా అల్లా," అన్నాడతను. "చెల్లె! ఇది అది కాదు! ఇది చక్రాలది!"

ఆవిడకు అర్థమైంది, అయితే ఏం లాభం. ఇరవై మూడు క్వింటాళ్లకు కట్టిన కట్టు మీదికి దానికి మూడింతలది దిగుతోంది. మొదట సున్నం లేచి తెల్లటి పొగైంది. తరవాత రోడ్డు వార వేసిన షామియానా గుంజలు ఊగాయి. గాలి నేలను గుద్దుకుని నాలుగు దిక్కులకూ పరుచుకుంది. పడమరనుంచి కాదు, సరిగ్గా వదులుగా వదిలిన తూర్పు అంచు కిందికి దూరింది. పట్టా పాము పడగలా లేచి, రాళ్లను గులకరాళ్లలా విసిరి, ఒక్క ఊపున ఆకాశానికి పోయింది. దాని వెనకే కాయ.

ఎర్రటి వాన కింది నుంచి పైకి కురిసింది. రెండో కోత, ఏడాది కష్టం అంతా మనుషుల ఎత్తుకు, చెట్ల ఎత్తుకు లేచి సుడి తిరిగి, రోడ్డు మీద, పత్తిమోళ్ల మీద, బాజావాళ్ల డప్పుల మీద, వరసగా నిలబడ్డ తెల్లచొక్కాల మీద పడింది. విరిగిన కాయల ఘాటు జనం కళ్లల్లో పడింది. దగ్గులు, తుమ్ములు, తిట్లు. వెంకటప్పయ్య చేతిలో దారం మిగిలింది, పూలు లేవు. ఎగిరే పట్టా రెక్కల దాకా రావడం చూసి పైలట్ దింపకుండానే పక్కకు వంచి, పైకి లేపి, గోదావరి వైపు వెళ్లిపోయాడు.

చప్పుడు పోయాక కల్లం మీద నిర్మలాదేవి ఒక్కతే నిలబడి ఉంది. కొప్పు ఊడిపోయింది. జుట్టు నిండా మిరపగింజలు. కాళ్ల కింద అలికిన నేల కూడా పెచ్చులు లేచింది.

అనిల్‌కుమార్ కళ్లు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. బూట్లతోనే.

"ఏం కప్పారమ్మా మీరు! ఆ పట్టా రెక్కలో ఇరుక్కుంటే ఏమయ్యేది? ప్రాణాలు పోయేవి! కేసవుతుంది తెలుసా?"

"అదే బండన్నావు."

"అది రిపేరుకొచ్చింది. వేరేది పంపారు."

"నీకెప్పుడు తెలుసు?"

అతను చేతిలోని ఫోన్ వైపు చూశాడు. "నిన్న సాయంత్రమే... చెబితే మీరు ఒప్పుకోరని..."

పిడకమంట పైనున్న బూడిద అక్కడ రాలిపోయింది. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండునని వెంకటప్పయ్య తరవాత ఎందరితోనో అన్నాడు.

"ఒప్పుకోనని తెలుసు. అందుకని చెప్పలేదు. అంటే నేను కాదంటానని తెలిసే నా నెత్తిన దింపావు. నువ్వు తెలియనోడివైతే తిట్టి వదిలేద్దును. తెలిసినోడివి. వాడెవడో ఆకాశంలో తిరుగుతాడు, వాడికి నేల అక్కర్లేదు. దిగేటప్పుడే కావాలి నేల. అదీ అలికి, ఆరబెట్టి, రాయిలా చేసి ఒకతి ఉంచాలి. వాడి బరువు వాడు మొయ్యడు, గాలి చేసి మా మీదికి తోస్తాడు. ప్రాణాలు పోయేవా? ఇదిగో, పోయింది చూడు, నీ కాళ్ల కింద. తొక్కుతున్నావు. బూట్లు విప్పు."

"అమ్మా, నాకు టైం లేదు. ఆయన వేరేచోట దిగి కారులో సభకి వస్తున్నారు. జనాన్ని అటు..."

"విప్పు."

విప్పాడు. ఆవిడ రోడ్డు వైపు తిరిగింది. జనం కదలబోతూ, కాళ్ల కింద ఎర్రగా పరుచుకున్నదాన్ని చూసి ఆగి ఉన్నారు.

"ఒక్కరూ కదలొద్దు! మీ కాళ్ల కింద ఉన్నది నా కాయ. చెప్పులు విడవండి. ఏరి, చేతిలో పట్టుకుని కల్లంలో పోసి, తరవాత ఎటన్నా పొండి."

ఆవిడ మాట ముగియకముందే జంపక్క తట్ట తీసుకుని వంగింది. ఆమె వెంట ఆడవాళ్లంతా వంగారు, కోయ భాషలో ఎవరినో గట్టిగా శాపనార్థాలు పెడుతూ. ఆ భాష రానివాళ్లకు కూడా ఎవరినో అర్థమైంది. చేనున్న ప్రతివాడికీ కాయ తొక్కడం చేతకాని పని. ముందు ఒక ముసలాయన చెప్పులు విడిచాడు, తరవాత వరసంతా విడిచింది. సభకు తెచ్చిన జనం కొంగుల్లో, తువ్వాళ్లలో, సభవాళ్లు పంచిన టోపీల్లో మిరపకాయలు ఏరసాగారు. అనిల్‌కుమార్ రెండు ఫోన్లూ ఆగకుండా మోగుతున్నాయి.

"అమ్మా, సభకి జనం కావాలి," అన్నాడు ఏడుపు గొంతుతో. ఏడుపో, మిరపఘాటో.

"నాకు కాయ కావాలి. నువ్వూ వంగు."

అతనూ వంగాడు. ఏరిన చేత్తో కన్ను నలుపుకుని, కుయ్యోమని లేచి, మళ్లీ వంగాడు. ఆరోజు ఆ పెద్దమనిషి ఎక్కువగా ఖాళీ కుర్చీలతోనే మాట్లాడాడని రసూల్ చెప్పాడు. ఆ కుర్చీలు అతనివే గనుక అతనికి తెలియాలి.

ఏరింది చాలానే వచ్చింది, కానీ వచ్చినదంతా మిర్చి కాదు. సగం మట్టి, మొరం, తొడిమ ఊడి చిట్లిన కాయ. జంపక్క దోసిట్లోకి తీసుకుని జల్లించి చూసి తల అడ్డంగా ఊపింది. "రెండు దిక్కుల రాళ్లు పెడ్దామంటి," అనలేదు ఆమె. అననందుకు నిర్మలాదేవికి ఆమె మీద కూడా కోపం వచ్చింది.

"అను. నువ్వు చెప్పినట్టు చేస్తే కొంతన్నా ఉండేది. అను ఆ మాట."

"డెబ్బై క్వింటాళ్లకు ఏ రాయి ఆగుతదక్కా," అంది జంపక్క. "రా, బువ్వ తిందాం."

మరునాడు పొద్దున్నే ఆవిడ గడ్డపార తీసుకుని కల్లం నడుమకు పోయింది. సున్నపు అక్షరం ఇంకా సగం కనిపిస్తోంది. సరిగ్గా దాని అడ్డగీత మీద తవ్వడం మొదలుపెట్టింది. తన చేతులతో గట్టిపరిచిన నేల ఆమెకే లొంగడం లేదు. ప్రతి పోటుకూ నిప్పురవ్వలు. మోచేతులు అదురుతున్నాయి, ఆగలేదు.

వెంకటప్పయ్య కొంతసేపు అరుగుమీద నిలబడి చూశాడు. లోపలికి పోయి గోడమీది పటం దించాడు. ఆ తరవాత కొట్టం వెనక్కి వెళ్లి, మూడేళ్లుగా పడి ఉన్న నల్లమద్ది గుంజను భుజాన వేసుకుని వచ్చాడు. కల్లం అంచున చెప్పులు విడిచాడు. చెద ఒకవైపు తొలిచింది కానీ లోపలి చేవ అట్లాగే ఉంది.

"ఎంత లోతు?" అన్నాడు.

"నీకెందుకు? వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే ఏమంటావు? దాందేముంది అంటావా?"

ఆయన గుంజను నేలమీద దించి, ఆవిడ చేతిలోని గడ్డపార తీసుకున్నాడు. "గుంజ ఉంది, దిగదు అంటా." కాసేపు తవ్వి, ఊపిరి తీసుకుని, "ఎంత చిన్నదైనా," అని కలిపాడు.

ఆవిడ వంగి మట్టి తోడింది.

గుంజ నిలబెట్టి చుట్టూ రాళ్లు కుక్కుతుంటే గులాం రసూల్ స్కూటర్ వచ్చి ఆగింది. షామియానా బట్ట తీసుకుపోవడానికి వచ్చాడు. గుంజను చూసి, దాని ఎత్తు చూసి, టోపీ సర్దుకున్నాడు.

"చెల్లె, ఇగ నా హెలిప్యాడ్ దుకాణం బందేనా?"

"రేగడిలో పెట్టుకో పో. దిగబడితే దిగబడనీ."

అతను పకపకా నవ్వుతూ, ఆ గుంజ ఏ కొయ్యో తట్టి చూద్దామని కల్లం మీదికి కాలెత్తాడు.

"చెప్పులు," అంది నిర్మలాదేవి.